చిక్కుడు గింజా, జీడిపప్పా?

ఆహ్వానం వాట్సాప్‌లో వచ్చింది. వైద్య విద్యలో మల్టీమీడియా సాంకేతికత, అంతర్జాతీయ సదస్సు, విశాఖలో సముద్రం కనిపించే హోటల్. డాక్టర్లకు క్రెడిట్ పాయింట్లు, నాలాంటి రాతగాళ్లకు భోజనం. పలాసలో తెల్లారకముందే రైలెక్కేశాను.

అంతర్జాతీయం అన్న మాట నిజమే. ఒకాయన అమెరికా నుంచి జూమ్‌లో మాట్లాడాడు. మాట్లాడాడని ఎలా తెలిసిందంటే, పెదవులు కదిలాయి. ‘సార్, యూ ఆర్ ఆన్ మ్యూట్’ అని హాలు హాలంతా ఒక్కసారే అరిచింది. ఆ అరుపు ఆయనకు వినపడలేదు, మా మైకు కూడా పనిచేయడం లేదు గనక. మల్టీమీడియా సదస్సులో ఒక మీడియా మొరాయించడం మామూలేనని పక్కాయన ధైర్యం చెప్పాడు. ఆయన ఏ సదస్సునూ వదలడట. ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకోవాలంటే 30 క్రెడిట్ గంటలు చూపించాలి కదా మరి. సంతకం పెట్టి బీచికి వెళ్లొచ్చే గంటలు కూడా అందులో కలుస్తాయా అని అడగబోయి ఊరుకున్నాను. అప్పటికే ఆయన లేచాడు.

జ్యోతి ప్రజ్వలన కూడా డిజిటలే. ఎల్ఈడీ కుందికి ఒకటే మీట. ఐదుగురు పెద్దలు ఆ ఒక్క మీట మీదే ఐదు చూపుడు వేళ్లు పెట్టి ఫొటోకి నవ్వారు.

సరకు లేదని మాత్రం అనను. నార్వే బొమ్మల వ్యాపారి ఆస్మండ్ లార్డాల్ 1960లో చేసిన ‘రిససి ఆన్’ కథ విన్నాను. ఆగిన గుండెను నొక్కి నడిపించడం, నోటితో ఊపిరి ఊదడం నేర్పే బొమ్మ అది. పారిస్‌లో సేన్ నదిలో మునిగి చనిపోయిందని చెప్పుకునే, పేరు తెలియని పిల్ల ముఖం అచ్చు దానికి పెట్టారు. ఎవరూ బతికించలేకపోయిన పిల్లకు లోకమంతా కూర్చుని ఇప్పటికీ ఊపిరి ఊదుతోంది. ఆ తర్వాత టెక్సాస్ ఖైదీ సంగతి. 1993లో మరణశిక్ష అమలైన మనిషి శరీరాన్ని గడ్డకట్టించి, మిల్లీమీటరు మందాన అరగదీసుకుంటూ ఒక్కో పొరకూ ఫొటో తీశారు. మొత్తం 1,871 పొరలు. మరుసటి ఏడాదికల్లా ఆ బొమ్మలన్నీ కంప్యూటర్లలో పెట్టారు. ఇవాళ శవం లేకుండా బల్లంత తెర మీద వేలితో కోసి నేర్చుకునే త్రీడీ పాఠాలకు అలాంటివే పునాది. మా పలాసలో జీడిపిక్క కొట్టేటప్పుడు గుండు పగిలి రెండు బద్దలైతే రేటు పడిపోతుంది. మనిషిని 1,871 బద్దలు చేస్తే అంతర్జాతీయం.

జీడిపప్పు ఊరికే గుర్తు రాలేదు. తర్వాతి స్లైడు కిడ్నీ. ఎర్రగా, నిగనిగలాడుతూ, తనంతట తాను గిర్రున తిరుగుతోంది. ‘చిక్కుడు గింజ ఆకారంలో ఉంటుంది’ అన్నారు వక్త. నూరు కిలోమీటర్ల దూరాన్నుంచి ఎవరొచ్చి చెప్పినా అదే గింజ. పలాస-కాశీబుగ్గలో ఏ బట్టీ దగ్గరైనా నిలబడి చూడండి, పొట్టు తీస్తున్న ఆడవాళ్ల ఒళ్లో ఆ ఆకారం రాశులు పోసి ఉంటుంది. పప్పును మేం గ్రేడులు కడతాం. 180 అంటే పౌనుకి నూట ఎనభై లోపే తూగే లావు గుండ్లు, 320 అంటే చిన్నవి. డాక్టర్లు కిడ్నీని ఒకటి నుంచి ఐదు దాకా గ్రేడులు కడతారు. పప్పులోనూ కిడ్నీలోనూ అంకె పెరిగేకొద్దీ సరకు తగ్గినట్టే. ఐదంటే డయాలసిస్. కిడ్నీ జబ్బు పాతుకుపోయిన మా ఉద్దానం పిల్లలకు పాఠం చెప్పాలంటే ఈ ఒక్క పోలిక చాలు, కరెంటు కూడా అక్కర్లేదు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున మా తీరాన్ని కొట్టాక రోజుల తరబడి కరెంటు లేనప్పుడు కూడా చెప్పుకోదగ్గ పాఠం.

‘ఎండెమిక్ నెఫ్రోపతీ’ అని ఇంకో స్లైడు, అంటే ఒక ప్రాంతాన్ని వదలని కిడ్నీ జబ్బు. పటంలో శ్రీలంక ఉంది, ఎల్ సాల్వడార్, నికరాగువా ఉన్నాయి. ఆ తర్వాత మా ఊళ్లు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస. ఎర్ర చుక్కలు. కారణాల దగ్గర బాణం గుర్తులు: నీళ్లు, సిలికా, పురుగుమందులు, ఎండలో పని, ఒళ్లు నొప్పులకు మింగే బిళ్లలు. ప్రతి బాణం చివరా ఒక ప్రశ్నార్థకం, యానిమేషన్‌లో ఎగురుతూ. ఎగిరే ప్రశ్నార్థకాన్ని చూస్తే జవాబు దగ్గర్లోనే ఉన్నట్టు అనిపిస్తుంది. ‘నెక్స్ట్ స్లైడ్ ప్లీజ్.’

నాకు వజ్రపుకొత్తూరు మండలంలో మావ ఒకడున్నాడు. కొబ్బరి, జీడి, మూడేళ్లుగా డయాలసిస్. సదస్సుకు వెళ్తున్నానని చెబితే అడిగాడు, ‘డాక్టర్లందరూ ఒచ్చేత్తారేటల్లుడూ? మరాస్పత్రిలో ఎవులుంటారు?’ నా దగ్గర జవాబు లేదు. మావకు ఇలాంటి సభలు కొత్త కాదు. ఆయన భాషలో పరిశోధన అంటే కారులో వచ్చే మనుషులు. ‘నీల్లట్టుకెల్లినారు, నెత్తురట్టుకెల్లినారు, ఫొటోలట్టుకెల్లినారు. ఏటొచ్చినాదో ఒక్కుడూ మల్లొచ్చి సెప్పనేదు.’ ఆ ఫొటోల్లో ఒకటి ఏ ఖండంలో ఏ స్లైడు మీద తిరుగుతోందో ఆయనకు తెలియదు. తెలిస్తే రాయల్టీ అడుగుతాడు, అంత తెలివైనవాడు.

పూర్తిగా ఏమీ జరగలేదనడం అబద్ధం. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రానికి 2019లో శంకుస్థాపన జరిగింది, 200 పడకల ఆస్పత్రి 2023 డిసెంబరు 14న మొదలైంది, హిరమండలం నుంచి గొట్టాల్లో నీళ్లొచ్చాయి. వైద్య విద్యార్థులు పల్లెల్లో కుటుంబాల్ని దత్తత తీసుకోవాలని 2022లో జాతీయ వైద్య కమిషన్ పెట్టింది. మంచి ఏర్పాటే. దత్తత వెళ్లేది ఎవరు, తీసుకునేది ఎవరు అనే చిన్న సందేహం తప్ప.

ఎందుకంటే మావ ఇంటికి నిరుడు ఒక కుర్ర డాక్టరు వచ్చాడు, హౌస్ సర్జన్. ట్యాబ్ ఉంది, అందులో డయాలసిస్ కోసం చేతిలో చేసే ఫిస్టులా గురించి వీడియో ఉంది. ధమనినీ సిరనీ కలిపి కుట్టడం, నెత్తురు రంగులు మార్చుకుంటూ పరిగెత్తడం, అంతా చక్కగా చూపిస్తుంది. బీపీ చూద్దామని పట్టీ తీసి మావ ఎడంచేతికి చుట్టబోయాడు. మావ చెయ్యి వెనక్కి లాగేసుకున్నాడు. ‘ఆ సేతికి కట్టకూడదు బాబూ. సూదీ పొడవకూడదు. రాత్రి దానిమీద తొంగోకూడదు.’ కుర్రాడు ఎర్రబడ్డాడు. మావ అతని రెండు వేళ్లు పట్టుకుని మణికట్టుకు జానెడు పైన, తాడులా ఉబ్బిన చోట ఆనించాడు. ‘ఉంది గదా? గుయ్యిమంటంది గదా? రోజూ లేవగానే ఇది సూసుకోవాల. ఆగిపోతే మన కత ఆగిపోయినట్టే.’

కుర్రాడు వేళ్లు తీయలేదు. చాలాసేపు. తుమ్మెద జేబులో పడ్డట్టుంటుంది ఆ అదురు, నేనూ చూశాను. వైద్య పుస్తకాల్లో దానికి థ్రిల్ అని పేరు. వీడియోలో బాణం గుర్తు వేసి చూపించారు పాపం, అదురు మాత్రం తెరకు ఎక్కలేదు. ‘మా సార్లు చెప్పారు గానీ...’ అన్నాడు ఆ అబ్బాయి, మిగతాది మింగేసి. పోయేటప్పుడు మావకు దణ్ణం పెట్టాడు. క్రెడిట్ గంటలు ఎవరిస్తారో అడగలేదు.

భోజనాల తర్వాత సెషన్‌లో ఈ సంగతే చెప్పాను. రోగి చేత్తో నేర్పే పాఠానికి కూడా మల్టీమీడియాలో చోటు ఉంటుందా అని. అధ్యక్షులు చాలా ఆసక్తికరమన్నారు. ‘హాప్టిక్’ అనే మాట వాడారు. తాకినట్టు అనిపించే గ్లవ్స్ విదేశాల్లో దొరుకుతున్నాయట, త్వరలో ఇక్కడికీ వస్తాయట, ఖరీదు కాస్త ఎక్కువ. మావ చెయ్యి ఉచితమని చెప్పేలోపు సమయం మించిపోయిందన్నారు.

సర్టిఫికెట్ మర్నాడు పీడీఎఫ్‌లో వచ్చింది, నా ఇంటిపేరు తప్పుగా. చేతికి ఇచ్చింది మాత్రం ఒక సంచి. నీలం రంగు, జిప్పు గట్టిది, మీద ‘అంతర్జాతీయ ప్రతినిధి’ అని ఇంగ్లీషులో బంగారు అక్షరాలు. లోపల పెన్ను, కాగితాల కట్ట, పావు కిలో జీడిపప్పు. పప్పు మాదే, పలాసది. విశాఖ దాకా పోయి మళ్లీ నాతోనే ఇంటికొచ్చింది.

సంచి మావకిచ్చాను. వారానికి రెండుసార్లు అది డయాలసిస్‌కు వెళ్తోంది. అందులో ఫైలు, దుప్పటి, రెండు ఇడ్లీలు, కొలిచి పోసుకున్న నీళ్ల సీసా. నాలుగు గంటలు మంచం పక్కనే వేలాడుతుంది. పోయినవారం కొత్తగా చేరిన ఒక ముసలాయన ఆ అక్షరాలు చూసి లేచి నిలబడ్డాడట.

‘మీరు డాట్రా బాబూ?’

‘కూకో, కూకో’ అన్నాడట మావ. ‘నీ క్రియాటినినెంత?’