మాక్ స్కోరుకు పరామర్శలు

ఎంబీఏ సీట్ల కోసం రాసే క్యాట్ పరీక్ష ఏటా నవంబరు చివర్లో ఓ ఆదివారం జరుగుతుంది. పరామర్శలు మాత్రం ఎండాకాలం సెలవులు అవగానే మొదలవుతాయి. ఆదివారం ఆదివారం మాక్ టెస్టు, భోజనాల వేళకి స్కోరు. స్కోరు తెలిశాక ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. మాంసం కూర కూడా మూత పెట్టే ఉంటుంది.

ఇంటర్లో వెయ్యికి 985 తెచ్చిన పిల్లాడికి 204కి 31 ఏమిటో ఎవరికీ అంతుపట్టదు. క్యాట్‌లో ఒప్పుకి మూడు మార్కులు. ఆప్షన్లున్న ప్రశ్న తప్పితే ఒకటి కోత. ఇంటర్ బోర్డు గానీ ఎంసెట్ గానీ మనవాళ్లకి ఈ కోత రుచి చూపించలేదాయె! రెండు గంటలు చెమటోడ్చినవాడికి ఒక్కోసారి మైనస్ నాలుగు వస్తుంది. అదే హాల్లో కునుకు తీసినవాడికి నిక్షేపంలాంటి సున్నా.

మార్కుల పక్కన పర్సంటైల్ కూడా ఉంటుంది. నాన్నగారు ర్యాంకుల కాలం మనిషి. అంకె ఎంత చిన్నదైతే అంత గొప్ప. "32 పర్సంటైలా? స్టేట్లోనా, ఆలిండియాలోనా?" అని ముఖం చాటంత చేసుకుంటారు. నాయనమ్మ లెక్క వేరు. "35కి మూడేగా తక్కువ, ఆ మాత్రం కలపరుట్రా?" ఇద్దరిలో ఎవరికి నిజం చెప్పాలో తెలియక అమ్మ వంటింట్లోకి వెళ్లిపోతుంది.

ఇక ఓదార్పులు. "మా మాక్ అసలు పరీక్ష కన్నా కష్టం బాబూ" అంటారు కోచింగ్ సారు. మరి అవే మాక్‌లలో పక్క బెంచీ అమ్మాయికి 97 ఎలా వచ్చిందో సారు చెప్పరు. స్నేహితుడిది ఇంకో సిద్ధాంతం: "మాక్‌లు రాసేది సీరియస్ గాళ్లే మామా, అసలు పరీక్షకి జనం విరగబడి వస్తారు, నీ పర్సంటైల్ దానంతటదే లేస్తుంది." ఇందులో నిజం లేకపోలేదు. 2024లో దాదాపు 3.29 లక్షల మంది పేర్లిచ్చారు, 2.93 లక్షల మంది రాశారు. ఫీజు కట్టి ఇంట్లో పడుకున్న మహానుభావులు కూడా మన కింద లెక్కకొస్తే ఎంత బాగుండేది! రారు. పర్సంటైల్ వేసేది రాసినవాళ్ల మధ్యనే.

మాక్ రాసిన దానికన్నా విశ్లేషణకి ఎక్కువ సమయం పెట్టాలని పెద్దలంటారు. మనవాడూ పెడతాడు. ఎక్సెల్ షీటు తెరిచి తప్పులకి ఎరుపు, ఒప్పులకి ఆకుపచ్చ, వదిలేసినవాటికి పసుపు వేస్తాడు. గ్రాఫులు గీస్తాడు. తప్పిన ప్రశ్నను మాత్రం తెరవడు, తెరిస్తే మనసు నొచ్చుకుంటుంది. బోల్తా పడినా పైసా నష్టంలేని చోటు ఈ దేశంలో మాక్ టెస్టు ఒక్కటే, దాన్నీ తద్దినంలా జరుపుకుంటున్నాం. మూడోవారం ఇంకో సంస్థ టెస్ట్ సిరీస్ కొంటాడు. అక్కడ 58 వస్తే, ఇంట్లో చూపించే స్కోరు అదే.

అసలు 32 పర్సంటైల్ వాడికి సన్మానం చేయాలంటాను నేను. ఒకడికి 99 రావాలంటే కింద 99 శాతం మంది ఓపిగ్గా నిలబడాలి కదా! 2024లో 14 మందికి నూరు పర్సంటైల్ వచ్చింది. ఆ 14 ఫొటోలనే కోచింగ్ సెంటర్లు పంచుకుని హోర్డింగులెక్కిస్తాయి. కింద నిలబడ్డ రెండు లక్షల తొంభై వేల పైచిలుకు మందికి ఓ మూలన చిన్నక్షరాల్లోనైనా కృతజ్ఞతలు వేయరు. ఫీజులు మాత్రం అందరి దగ్గరా ఒక్కలాగే వసూలు చేశారు.

దసరా నాటికి ఇంటిల్లిపాదీ ఇంకో ఎంబీఏ పరీక్ష జీమ్యాట్ వైపు చూపు తిప్పుతుంది. ఆ స్కోరు తీసుకునే గచ్చిబౌలి ఐఎస్‌బీ బాబాయి ఫ్లాటుకి దగ్గరే, భోజనానికి ఇబ్బంది ఉండదు. రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారన్న సంగతి తర్వాత చూసుకోవచ్చు. పైగా జీమ్యాట్ వాళ్లు దయామయులు. ఇప్పటి పద్ధతిలో స్కోరు 205 దగ్గర మొదలై 805 దాకా పోతుంది. అంటే, ఏమీ రానివాడిని కూడా 205తో సాగనంపుతారు. మైనస్సుల ఊసే లేదు. మొదటి రెండు అధికారిక మాక్‌లు ఉచితం కూడానూ.

మొదటిది రాశాడు. 395.

"మూడు వందల తొంభై అయిదండీ!" అని నాన్నగారు డల్లాస్‌లో ఉన్న బావమరిదికి ఫోన్ కలిపారు. అవతలి నుంచి "ఎంతకి బావా?" అని వినబడేలోపే సిగ్నల్ సరిగా లేదని పెట్టేశారు.