పద్దెనిమిది మలుపుల దాన్ని

బాలాపూర్ గణపతి చార్మినార్ మీదుగా ఊరేగి వచ్చి చేరేది ఈ నీళ్ళ దగ్గరికే. ఖైరతాబాద్ మహాగణపతి నిమజ్జనమూ నా పక్కనే. అన్ని టన్నులు మోసినా నన్నెవరూ మెచ్చుకోలేదు. మెచ్చుకోలు దక్కింది ఒక్క పూటే, 2023 ఫిబ్రవరి 11న.

హుస్సేన్‌సాగర్ పక్క రోడ్డును నేను. ఈ చెరువు చార్మినార్ కంటే ముందు పుట్టింది. దాని పక్కన నేను నిన్నటి పిల్లను. లుంబినీ పార్కు, సెక్రటేరియట్, ఐమాక్స్, నెక్లెస్ రోడ్డు కలిపి చుడితే 2.83 కిలోమీటర్లు, 18 మలుపులు. కరెంటు కార్ల 'ఫార్ములా ఈ' రేసుకు అదే ట్రాక్. 2013లో నోయిడా దగ్గర ఫార్ములా వన్ ఆగిపోయాక దేశానికి మళ్ళీ వచ్చిన ప్రపంచ స్థాయి కార్ల రేసు నా వీపు మీదే జరిగింది మరి!

గుంతలు పూడ్చి కొత్త తారు పోశారు. ఏళ్ళుగా అడిగినా రానిది ఆ కార్ల కోసం వచ్చింది. అటూ ఇటూ సిమెంటు దిమ్మెలు, వాటిపై ఇనుప కంచెలు. దారి మళ్ళిన జనం నన్నే తిట్టుకున్నారు. ప్రాక్టీసు నాడు మామూలు బళ్ళు కొన్ని ట్రాక్ మీదకొచ్చేశాయి. వాటిదేం తప్పు? రోజూ వచ్చే దారే కదా.

కార్లకు పెట్రోలు లేదు, పొగ లేదు; కీచుమనే ఈల ఒక్కటే. ఆటోల హారన్లకు అలవాటుపడ్డ నాకు అదే వింత. ఒకే జట్టు జాగ్వార్‌లు రెండు మలుపులో గుద్దుకున్నాయి. ఫ్రెంచి కుర్రాడు జాన్ ఎరిక్ వెర్న్ వెనకే తరుముకొచ్చిన కాసిడీని దాటనివ్వక వెంట్రుకవాసిలో గెలిచాడు.

మరుసటి ఏడు కూడా వస్తారన్నారు. ఎదురుచూశాను. 2024 జనవరిలో ఒప్పందం చెడి, రేసు రద్దయింది. ఆ డిసెంబరులో డబ్బు లెక్కలపై ఏసీబీ కేసు పెట్టింది. నా పేరు ఇప్పుడు క్రీడల పేజీలో కాదు, కేసుల వార్తల్లో వస్తోంది. కొత్త తారు మాత్రం వానలకు మళ్ళీ పాతదైంది.

మొన్న పాతబస్తీ ఆటో ఒకటి సిగ్నల్ దగ్గర ఆగింది. వెనక సీటు పిల్లాడికి డ్రైవరు చూపిస్తున్నాడు:

"గీడ్నే ఉరికినయ్‌రా ఆ కార్లు. ఒక్క చుట్టుకు నిమిషంన్నర గూడ పట్టలే."

"మరి మనం ఎప్పట్నుంచి ఆగినం మామా?"

డ్రైవరు బదులు చెప్పలేదు. హారన్ కొట్టాడు.