దస్తరం ఎవరి చంకలో?

మొన్న ఒక శిక్షణ తరగతికి వెళ్ళాను. పిలిస్తే వెళ్ళలేదు. ప్రభుత్వోద్యోగులకు 'మార్పును ఆహ్వానించడం ఎలా' అని పాఠం చెబుతున్నారనీ, మధ్యాహ్నం బిర్యానీ ఉందనీ మిత్రుడొకడు చెవిన వేస్తే, వార్తల నెపంతో దూరాను. ఏసీ హాలు, గుండ్రటి బల్లలు, బల్లకో పసుపుపచ్చ అంటుకాగితాల కట్ట. కోటు వేసుకున్న గురువుగారు తెర మీద ఐసుముక్క బొమ్మ చూపించారు. కర్ట్ లెవిన్ అనే పెద్దాయన సిద్ధాంతమట: సంస్థను మార్చాలంటే ముందు కరిగించాలి, కొత్త అచ్చులో పోయాలి, మళ్ళీ గడ్డకట్టించాలి. ఆ వెంటనే హార్వర్డ్ ప్రొఫెసరు జాన్ కాటర్ గారి ఎనిమిది మెట్లు వచ్చాయి. మొదటి మెట్టు, అందరిలోనూ తొందర పుట్టించడం. భోజనానికి ఇంకా గంటన్నర ఉంది గనక నాలో అది అప్పటికే పుట్టింది.

"మీ ఉద్యోగంలో వచ్చిన పెద్ద మార్పు ఏమిటో ఒక కాగితం మీద రాయండి" అన్నారు గురువుగారు.

నా పక్కనున్న నెరిసిన మీసాల పెద్దమనిషి చెయ్యెత్తాడు. "సార్, నాకింకో కట్ట గావాలె."

ఆయన ఊరి భూముల లెక్కలు చూసే మనిషి. ఏ హోదాలో అంటే, ఏ ఏడాది సంగతి అడుగుతున్నారని మనల్నే ఎదురడుగుతాడు. తాత పట్వారీ. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆ కొలువు తీసేసింది. కాటర్ గారి మెట్ల పుస్తకం 1996లో వచ్చింది. అంతకు పన్నెండేళ్ళ ముందే మనవాళ్ళు ఎనిమిది మెట్లనూ ఒక్క ఆర్డినెన్సుతో ఎక్కేశారు. అటు కరణం మునసబులు, ఇటు పటేల్ పట్వారీలు, తరతరాలుగా ఊరి దస్తరం చంకన పెట్టుకు తిరిగినవాళ్ళు, తెల్లారేసరికి మాజీలు. వాళ్ళకోసం కన్నీరు పెట్టిన రైతు మాత్రం నాకింతవరకూ తారసపడలేదు.

మనుషులు పోయారు, భూమి పోలేదు. సర్వే నంబరుంటే దాన్ని రాసేవాడొకడు ఉండాలి కదా. కాబట్టి మొదట విలేజ్ అసిస్టెంట్ అన్నారు. తర్వాత విలేజ్ అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ అన్నారు. 2002లో అందులోంచి తీసి పంచాయతీ కార్యదర్శిని చేశారు, అంటే పహాణీ రాసే చేత్తోనే వీధిదీపాల లెక్క కూడా. 2007లో మళ్ళీ విడదీసి విలేజ్ రెవెన్యూ ఆఫీసర్, అంటే వీఆర్వో అన్నారు. మా పెద్దమనిషి ఇవన్నీ అయ్యాడు. కుర్చీ అదే, బీరువా అదే, బీరువాలో చెదలు కూడా అవే. ఈ సంస్కరణలన్నిటిలో నికరంగా బాగుపడింది బోర్డులు రాసే పెయింటరు ఒక్కడే.

"మార్పును అడ్డుకునేది ఎప్పుడూ కింది ఉద్యోగులే" అన్నారు గురువుగారు, తెర మార్చి. పెద్దమనిషి శ్రద్ధగా రాసుకున్నాడు. అడ్డుకోవడానికి ముందుగా చెప్పాలి కదా అన్న సందేహం ఆయన మొహంలో కనబడలేదు. ప్రభుత్వ సర్వీసు అలవాటు చేసే గుణమది.

2020 సెప్టెంబరు 7న తెలంగాణలో వీఆర్వోల దగ్గరున్న రికార్డులన్నీ స్వాధీనం చేసుకోమని కలెక్టర్లకు ఆదేశాలు వెళ్ళాయి. వారాలు కాదు, ఒక్క పూట గడువు. నాలుగు రోజుల్లో శాసనసభ చట్టం చేసి ఆ వ్యవస్థనే ఎత్తేసింది. కారణం అవినీతి అన్నారు. అబద్ధమనలేం. పాసుబుక్కు కోసం చెయ్యి తడపని రైతును వెతకాలంటే అప్పట్లో దివిటీ పట్టుకు తిరగాల్సిందే. రద్దు వార్త విని పటాకులు కాల్చిన ఊళ్ళున్నాయి. కాల్చాల్సినవే.

అక్టోబరు 29న ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చింది. ఇక మధ్యలో మనిషి లేడు, మీట నొక్కితే రిజిస్ట్రేషను, వెంటనే మ్యుటేషను. తప్పులేని భూమి ఉన్నవాడికి నిజంగానే సుఖం. తప్పున్నవాడికే వచ్చింది చిక్కు. తండ్రి పేరులో అక్షరం పోయినా, గుంటలు తగ్గినా, పట్టా భూమి నిషేధిత జాబితాలో పడినా ఎవర్ని అడగాలి? వెనకటికి లంచం అడిగేవాడన్నా ఊళ్ళో చెట్టు కింద దొరికేవాడు. ధరణి వచ్చాక మీసేవలో దరఖాస్తు పెట్టి, కలెక్టరేటు మెట్లెక్కి, ఫోను మోగుతుందేమోనని చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. మనుమల పేర్లు తడుముకునే ముసలి రైతులు 'టీఎం 33' అని మాడ్యూలు నంబరు మాత్రం గడగడా చెప్పడం నేర్చారు. డిజిటల్ అక్షరాస్యత అంటే అదే కాబోలు.

మరి ఐదు వేల పైచిలుకు వీఆర్వోలు? వాళ్ళను తీసేయలేదు. జీతం ఇచ్చారు, ఫలానాదని చెప్పుకునే పని మాత్రం ఇవ్వలేదు. దాదాపు రెండేళ్ళు అట్లాగే గడిచాక, 2022 ఆగస్టులో వాళ్ళను వేరే శాఖలకు సర్దారు. ఎట్లా సర్దారన్నదే నన్నడిగితే ఈ శాస్త్రం మొత్తానికీ తలమానికం. మేనేజ్‌మెంటు పుస్తకాలు ఉద్యోగి నైపుణ్యం కొలవమంటాయి, అభిరుచి కనుక్కోమంటాయి, మాట్లాడమంటాయి. మనవాళ్ళు చీటీలు తీశారు. లాటరీ. నెలనెలా చీటీపాట వేసుకునే జాతి మనది, ఇందులో పక్షపాతమని ఎవడూ నోరెత్తలేడు. సేత్వార్ చదవగలిగినవాడు, టిప్పన్ చూసి గట్టు ఎక్కడుండాలో చెప్పగలిగినవాడు, ముప్పయ్యేళ్ళ కిందటి సాదా బైనామా మీద వేలిముద్ర ఎవరిదో ఎరిగినవాడు, డబ్బాలోంచి ఏ శాఖ పేరు వస్తే ఆ శాఖకు వెళ్ళి ఇన్‌వర్డు రిజిస్టరు ముందు కూర్చున్నాడు.

ఆ తర్వాత ప్రభుత్వం మారింది. కొత్తవారికి ఊళ్ళో మనిషి లేని లోటు కనిపించింది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూభారతి వచ్చింది. 10,954 గ్రామ పాలన అధికారి (జీపీఓ) పోస్టులు మంజూరయ్యాయి. పాత వీఆర్వోలు, వాళ్ళ కింద సహాయకులుగా ఉన్న వీఆర్ఏల్లో ఇష్టమున్నవారు రండన్నారు, పరీక్ష రాయమన్నారు. ఇరవయ్యేళ్ళు చేసిన పని మీకు వచ్చా రాదా అని పరీక్ష! అత్తగారింట్లో పాతికేళ్ళు వండి వార్చిన కోడలికి మళ్ళీ పెళ్ళిచూపులన్నమాట. మా పెద్దమనిషి రాశాడు, పాసయ్యాడు. సెప్టెంబరు 5న, అంటే గురుపూజోత్సవం నాడు, హైటెక్స్‌లో ముఖ్యమంత్రి చేతుల మీదుగా నియామక పత్రాలిచ్చే సభకు కొత్త చొక్కా కుట్టించుకుని మరీ వెళ్ళొచ్చాడు.

లెవిన్ గారి లెక్కలో కరిగించడం ఒకసారే. మా పెద్దమనిషిని కరిగించి, పోసి, గడ్డకట్టించి, మళ్ళీ కరిగించి నలభయ్యేళ్ళ తరబడి ఐసుఫ్రూట్లు పోస్తూనే ఉన్నారు. పుల్ల మాత్రం మారలేదు.

బిర్యానీకి ముందు చివరి తెర పడింది: 'నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్'. పాత ఉద్యోగి తెలిసినదంతా కొత్తవాడికి అప్పగించాలి, మార్పులో అన్నిటికన్నా ముఖ్యమైనది అదేనన్నారు గురువుగారు. "మీ దగ్గర అది ఎలా జరిగిందండీ?" అని మా బల్ల వైపు చూశారు.

పెద్దమనిషి లేచి నిలబడ్డాడు. "ట్రాన్స్‌ఫర్ నాకైంది సార్. నాలెడ్జి నా జేబులనే ఉండిపోయింది."

హాలంతా నవ్వింది. గురువుగారు జోకనుకుని తనూ నవ్వారు. భోజనాల దగ్గర పెద్దమనిషి చొక్కా జేబులోంచి అట్ట చిరిగిన చిన్న నోటుబుక్కు తీసి నాకు చూపించాడు. "ఆనాడు రికార్డులన్నీ లెక్కబెట్టి తీస్కపోయిండ్రు. దీన్ని ఎవరూ అడగలే." పెన్సిలుతో గీసిన గట్లు, చింతచెట్లు, ఎవరి దగ్గర ఎవరు ఎన్ని గుంటలు కొన్నారో, ఏ అన్నదమ్ములు ఎక్కడ రాయి జరిపారో, అన్నీ ఉన్నాయి.

ఆదివారం పనిలేక ఆయన ఊరికి వెళ్ళాను. ఆఫీసు ముందు కొత్త బోర్డు, రంగు వాసన ఇంకా పోలేదు. ఒక ముసలమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చి మెట్టు మీద కూలబడింది.

"ఓ పట్వారీ, నా ఎకరం పది గుంటలు ఎక్కినయా బిడ్డా?"

"నేను పట్వారీని గాదు పెద్దమ్మా, జీపీఓను."

"ఏదో ఒకటి తియ్యి. ఎక్కినయా లేదా?"

ఆయన ఫోను తెరిచాడు. తెర మీద చక్రం తిరగసాగింది. ఒక నిమిషం చూశాడు, రెండు నిమిషాలు చూశాడు. ఫోను పక్కన పెట్టి, వేలు తడి చేసుకుని, నోటుబుక్కు పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు.