నల్లికి జీవ మందు: చెవిన పెట్టకూడని సలహాలు

మిరపలో తెల్లనల్లి తెచ్చే కింది ముడత కనబడిందంటే చాలు, గట్టు మీద సలహాలు మొదలవుతాయి. ఈ మధ్య బవేరియా, వర్టిసీలియం లాంటి జీవ శిలీంధ్రాల మీదా బాగానే చెబుతున్నారు. విన్నవాటిలో చేటు చేసేవే ఎక్కువ.

“పనిలో పనిగా మాంకోజెబ్ కలిపి కొట్టెయ్ బాబాయ్, కూలి కలిసొస్తుంది.” అన్నిటికన్నా నష్టం ఇదే. తెగుళ్ల మందు చేసే పనే శిలీంధ్రాన్ని చంపడం. మీ ప్యాకెట్‌లో ఉన్నదీ శిలీంధ్రమే, బతికున్న బీజాలు. రెండూ ఒకే ట్యాంకులో పోస్తే నల్లిని చేరకముందే దాని పని అయిపోతుంది. గంధకమూ అంతే. కనీసం వారం ఎడం ఉండాలి. కలిపి కొట్టమన్నవాడికి ప్యాకెట్ డబ్బులు పోవు, మీకు పోతాయి.

“పొద్దున తొమ్మిదికి కొట్టు, ఎండకి ఆకు తొందరగా ఆరుతుంది.” ఆరకూడదనే కదా మన బాధ! బీజం నల్లి ఒంటికి అంటుకుని, తేమలో మొలకెత్తి, చర్మం తొలుచుకుని లోపల పెరగాలి. మధ్యాహ్నపు ఎండ దాన్ని చంపేస్తుంది. పొద్దు వాలాక కొట్టండి, రాత్రి మంచు కలిసొస్తుంది.

“రెండు రోజుల్లో చావలేదంటే నకిలీ సరుకే, పైరెథ్రాయిడ్ కొట్టు.” ఈ మాట విని తోటలు పోగొట్టుకున్నవాళ్లను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. శిలీంధ్రం నల్లిని చంపడానికి నాలుగైదు రోజులు, ఒక్కోసారి వారం పడుతుంది. పైరెథ్రాయిడ్ కొడితే నల్లిని తినే మిత్రనల్లులు ముందు పోతాయి, తెల్లనల్లి మళ్లీ విరగబడుతుంది. తొందరపడకుండా చివరి లేతాకు తిప్పి, పదింతలు చూపే భూతద్దం పెట్టండి. తెల్లచుక్కల గుడ్లుంటాయి. ఇంకా కదలని ఆడనల్లిని మోసుకుని కొత్త చిగురుకి పోయే మగనల్లి కనబడుతుంది. అందుకే నాజిల్ కింది నుంచి పైకి, చిగురు అడుగు తడిసేలా పట్టాలి. వెచ్చటి రోజుల్లో వారంలోపే కొత్త తరం వస్తుంది కాబట్టి ముడత తోటంతా పాకాక జీవ మందు మొదలుపెట్టి లాభం లేదు.

“అబామెక్టిన్ కూడా సూక్ష్మజీవి సరుకే, హాని లేదు.” పుట్టుక మాట నిజమే. శాస్త్రవేత్త సతోషి ఒమురా జపాన్ మట్టిలో పట్టిన స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి నుంచి వచ్చిందది, ఆ కుటుంబం మందుల మీద పనికే ఆయనకు 2015లో నోబెల్ ఇచ్చారు. కానీ డబ్బాలో జీవి లేదు, విషముంది. తేనెటీగలకీ చేపలకీ ప్రమాదం. పూత మీద, చెరువు పక్కన జాగ్రత్త.

కొనేటప్పుడు తయారీ తేదీ, గడువు చూడండి. దుకాణం ముందు ఎండలో పెట్టిన పెట్టెలోంచి ఇస్తే, అడిగి నీడన దాచిన ప్యాకెట్ తీసుకోండి.