ముప్పై ఆరు కలిపితే కల్యాణి

లెక్కల రసికుడు మన అందరి ఇళ్లలోనూ ఉంటాడు. పెదనాన్నో, మేనమామో, పై వాటాలో ఆయనో. లెక్కల మేష్టారుగా చేసి ఉండాలనేం లేదు. బ్యాంకులోనో ట్రెజరీలోనో రిటైరైనవాళ్లు మరీ ప్రమాదం, వాళ్లకి కూడిక తప్పదు. పొద్దున్నే ఫోనుకి ఓ పాట పంపిస్తాడు. ఆహా, బాలమురళి కల్యాణి అనుకుని మనం నొక్కేలోగా దాని కిందే ఇంకోటి వచ్చి పడుతుంది: “65 - 36 = 29. ఆలోచించు.” ఇంక పాటేం వింటాం?

అర్థం కాలేదని జవాబిస్తే మనిషే దిగుతాడు. కాఫీ తెచ్చేలోపు టేబుల్ మీది శుభలేఖ వెనక్కి తిప్పి, జేబులోంచి పెన్ను తీస్తాడు.

“చూడు నాయనా. మధ్యమాలు రెండు. రి-గ జంటలు ఆరు. ద-ని జంటలు ఆరు. రెండార్లు పన్నెండు, పన్నెండార్లు డెబ్బై రెండు. మేళకర్త రాగాలు అన్నే ఎందుకున్నాయంటే అంతకు మించి కుదరదు గనక! శుద్ధమధ్యమంవి ముప్పై ఆరు, ప్రతిమధ్యమంవి ముప్పై ఆరు. శంకరాభరణం 29. దాని మధ్యమం ఒక్కటి మార్చు, ముప్పై ఆరు కలుపు. 65, మేచకల్యాణి. ఇంతకంటే రుజువేం కావాలి?”

రుజువు మనం అడగలేదు. అయినా ఆయన చెప్పింది అక్షరాలా నిజం. 17వ శతాబ్దంలో తంజావూరులో వేంకటమఖి ‘చతుర్దండీ ప్రకాశిక’ రాసి ఈ డెబ్బై రెండు మేళాల లెక్క కట్టేనాటికి, అందులో వాడుకలో ఉన్నవని ఆయన చెప్పినవి పందొమ్మిదే. అంటే అపార్ట్‌మెంటు ముందు కట్టేశాడు, చాలా వాటాల్లోకి రాగాలు తర్వాత అద్దెకి దిగాయి. ఈ సంగతి చెప్పేటప్పుడు లెక్కల రసికుడి కళ్లు చెమరుస్తాయి. త్యాగరాజ కీర్తనకి చెమర్చడం నేనెప్పుడూ చూడలేదు.

నంబర్లు గుర్తుండడానికి పేర్లలోనే అంకెలు దాచారు, కటపయాది అంటారు. పేరులో మొదటి రెండక్షరాలకి అంకెలు వేసి తిరగేసి చదవాలి. ధీ తొమ్మిది, ర రెండు, తిరగేస్తే 29. శంకరాభరణానికి ముందు ‘ధీర’ తగిలించింది అందుకే. అది తీసేస్తే శ ఐదు, క ఒకటి, వెరసి 15 అయి, పోయి మాయామాళవగౌళ కుర్చీలో కూర్చుంటుంది. 1980లో ‘శంకరాభరణం’ సినిమా చూసి ఊరు ఊరంతా కళ్లు తుడుచుకుంటూ బయటికొస్తుంటే ఈయన మాత్రం “ధీర ఏదీ?” అన్నాడని వాళ్లావిడ చెబుతుంది.

ఈ విద్య వంటబట్టాక మనిషి మామూలుగా బతకలేడు. ఇంటి నంబరు 28 అయితే “హరికాంభోజిలో ఉంటున్నావన్నమాట” అంటాడు. 22వ నంబరు బస్సు వస్తే ఖరహరప్రియ వచ్చిందంటాడు. తన అరవై ఐదో పుట్టినరోజు నాడు “ఈ ఏడాదంతా నేను కల్యాణిని” అని బంధువులందరికీ మెసేజ్ పెట్టాడు. ఇంకా ఏడేళ్లుంటే రసికప్రియ అవుతానని ఆశ. డెబ్బై రెండు దాటిన పెద్దవాళ్లని చూస్తే ఆయనకి జాలి, పాపం వాళ్లకి రాగం లేదు.

ఆయన్ని నిలవేయాలంటే చక్రవాకం పేరెత్తాలి. ఒత్తు ఉన్న చోట ఒత్తక్షరాన్నే లెక్కలోకి తీసుకోవాలని సూత్రం. రత్నాంగిలో న సున్నా, ర రెండు. రెండో మేళం సరిగ్గా కుదిరింది. అదే సూత్రంతో చక్రవాకం చూడండి. చ ఆరు, ర రెండు, తిరగేస్తే 26. అది చారుకేశిది! చక్రవాకం అసలు స్థానం 16. సింహేంద్రమధ్యమం సంగతి ఇంకా దారుణం. మనం రాసే తీరున సి ఏడు, హ ఎనిమిది చూస్తే 87 వస్తుంది, ఉన్నవా డెబ్బై రెండు. దాన్ని 57కి తేవాలంటే హ బదులు మ పట్టుకోవాలి. ఇదేమిటి పెదనాన్నా అంటే, కాసేపు కళ్లద్దాలు తుడుచుకుని, “దాన్ని మినహాయింపు అంటారు” అని శుభలేఖ మడిచి జేబులో పెట్టుకుంటాడు.

కచేరీలో ఈయన ముందు వరసలోనే ఉంటాడు. ఆలాపన జరిగినంతసేపూ ఓపిక పడతాడు. తని ఆవర్తనం మొదలై జనం క్యాంటీన్ వైపు నడిచాక ఆయన అసలు కచేరీ ఆరంభమవుతుంది. ఆదితాళం ఎనిమిది దెబ్బలు, దెబ్బకి నాలుగు మాత్రలు, మొత్తం ముప్పై రెండు. ముక్తాయింపులో ఒకే జతిని మూడుసార్లు వాయించి సమానికి రావాలి. ముప్పై రెండుని మూడు భాగాలు చేయడం ఎలా? పది, ఒక మాత్ర ఖాళీ, పది, ఇంకో ఖాళీ, పది. సరిపోయింది! మృదంగం సమం మీద పడ్డ క్షణాన తొడ మీద ఛెళ్లున చరిచి, వెనక్కి తిరిగి హాలంతా ఒకసారి చూస్తాడు. అది తనే వాయించినట్టు చూస్తాడు. పక్క కుర్చీలో ఇంకో లెక్కల రసికుడు ఉంటే మాత్రం ఇద్దరి వేళ్లూ కలవవు. ఒకాయన చిటికెనవేలు మీదుంటే రెండో ఆయన అరచెయ్యి తిప్పుతుంటాడు. మధ్యలో కూర్చున్నవాళ్లకి కచేరీ లేదు.

ఆయనకిష్టమైన కథ బొబ్బిలి కేశవయ్యది. కేశవయ్య తంజావూరు ఆస్థానానికి వెళ్లి, 128 అక్షరాల సింహనందన తాళంలో పల్లవి పాడి సవాలు చేస్తే, శ్యామశాస్త్రి 79 అక్షరాల శరభనందనంతో జవాబిచ్చి గెలిచారని చెప్పుకుంటారు. లెక్కల రసికుడు మనవాడు ఓడాడని ఛస్తే ఒప్పుకోడు. “128 అంటే రెండుని ఏడుసార్లు హెచ్చవేసినది. 79 ప్రధాన సంఖ్య. ఇద్దరూ ఇద్దరే” అని డ్రా చేసేస్తాడు.

ఇంత ఏడిపించినా ఒక్క విషయంలో నేనాయన పక్షమే. సంగీతం పాఠం ఏ పిల్లకైనా మాయామాళవగౌళతోనే మొదలవుతుంది. ఆ స్వరాల మధ్య దూరాలు వరసగా రాయండి: 1, 3, 1, 2, 1, 3, 1. చివరినుంచి చదివినా అంతే. ఆయన ఇది రాసి చూపించిన రోజు నేను కాఫీ చల్లార్చుకున్నాను. చిన్నప్పుడు సరళీ వరసలు నేర్పిన టీచరు ఈ ముక్క ఒక్కటి చెప్పి ఉంటే ఇంకో నెల మానకుండా వెళ్లేదాన్నేమో.

కానీ ఆయన లెక్క వంటింటి గుమ్మం దాటదు. ఓ రోజు వాళ్లావిడ పప్పులో పోపు వేస్తూ ఏదో కూనిరాగం తీస్తోంది. ఈయన హాల్లోంచి, “ఆరభి! 29లో జన్యం. ఆరోహణ స రి మ ప ద స, అవరోహణ సంపూర్ణం” అని కేకేశాడు.

“దేవగాంధారండీ” అందావిడ తల తిప్పకుండానే.

“దానికీ ఆరోహణ అవరోహణలు అవే కదే!”

“అవేనండీ. ఆరభి గబగబా నడుస్తుంది. ఇది తీరిగ్గా ఊగుతుంది. ఆ రి మీద ఎలా నిలబడ్డానో వినలేదా?”

వినలేదు. స్వరాలు లెక్కపెడుతున్నాడు. ఆవిడ పదేళ్ల వయసులో వీణ నేర్చుకుని పెళ్లయ్యాక మానేసిందనీ, కటపయాది సూత్రం ఆవిడకి ఇప్పటికీ రాదనీ నాకు ఆ రోజే తెలిసింది. ఆ సాయంత్రం ఆయన దేవగాంధారి, ఆరభి కీర్తనలు ఒక్కొక్కటి నాకు పంపించి, “తేడా ఎంత?” అని రాశాడు. ‘ఏమిటి’ అని కాదు, ‘ఎంత’ అని.

మీకూ ఇలాంటి పెదనాన్న ఉంటే ఆయన పంపిన పాటలు తప్పకుండా వినండి. వాటిలో చెడ్డ పాట నాకింతవరకూ తగల్లేదు. కింద ఉన్న లెక్కకి మాత్రం పొరపాటున కూడా జవాబు రాయకండి. రాస్తే రెండో భాగం వస్తుంది.