పాలకాయతిప్పలో పచ్చని దడి వేయదలచినవారికి

వెనకవైపు కిటికీ తీస్తే రొయ్యల చెరువు కనిపిస్తోందా? నల్ల ప్లాస్టిక్ పరిచిన గట్టు, గిర్రున తిరిగే ఏరేటర్లు, జనరేటరు షెడ్డు, దాని పక్కన ఖాళీ మేతబస్తాల గుట్ట. చెరువు మీదే అయినా, లీజుకిచ్చింది మీరే అయినా, చూడాల్సిన ఖర్మ మీకెందుకు? డబ్బు తీసుకున్నాం గానీ రోజూ దాని మొహం చూస్తామని రాసివ్వలేదు కదా. అడ్డంగా మొక్కలు పెట్టండి. పిట్టలూ సీతాకోకచిలుకలూ వచ్చే రకమైతే మరీ మంచిది, చుట్టాలకి చెప్పుకోవచ్చు. నేను ఈ పని మూడుసార్లు చేశాను కనక అనుభవం మీద చెబుతున్నాను.

ముందు ముహూర్తం. రోహిణీకార్తె దాటనివ్వకండి. తొలకరి పడ్డాక నాటితే మొక్కకి సోమరితనం అబ్బుతుంది. తర్వాత నీళ్లు. నాలుక మీద వేసుకుని ఉప్పు చూసే పాతకాలపు అలవాటు మానండి. మా అత్తగారు బోరునీళ్లు ఒక్కసారి పుక్కిలించి ఉమ్మేసి, "వీటికి మందారం బతకదు బాబూ" అన్నారు. నేను పన్నెండు మందారాలు పెట్టాను. ఆకుల అంచులు మాడిన అట్టులా అయ్యాయి. ఇరవై రోజులకి పుల్లలు మిగిలాయి. ఆవిడ నోటివాక్కు అలాంటిది.

మొక్క ఎప్పుడూ దూరాన్నుంచి రావాలి. మొగలి, వావిలి, గచ్చ, కానుగ, గంగరావి ఉప్పుగాలికి ఓర్చుకుని గట్ల వెంట ఊరికే పెరుగుతాయి. ఊరికే పెరిగేదాన్ని ఎవరు గౌరవిస్తారు? పైగా కానుగ పూసినన్నాళ్లూ తేనెటీగల రొద. కడియం నుంచి కోనోకార్పస్ తెప్పించండి. కత్తిరిస్తే గోడలా నిలబడుతుంది. వేళ్లు నీళ్ల పైపుల్లో దూరతాయనీ, పుప్పొడి పడదనీ, నాటొద్దని గుజరాత్ ప్రభుత్వం 2023లో ఉత్తర్వులిచ్చిందనీ అంటారు. గుజరాత్ ఎక్కడ, మన దివిసీమ ఎక్కడ! పిట్ట గూడు కట్టలేదని బెంగపడకండి. బందరులో రెండు ప్లాస్టిక్ చిలకలు కొని తీగతో కట్టండి. నావి రెండేళ్లయినా ఎటూ ఎగిరిపోలేదు.

ఇంకా తొందరైతే సర్కారు తుమ్మ. 1877లో జమైకా విత్తనం తెప్పించి కడప జిల్లా కమలాపురంలో నాటారట. తర్వాత ఎవరూ చెంబెడు నీళ్లు పోయకుండానే మన గట్టుదాకా వచ్చేసింది. మీ దొడ్డి దాటి పోవద్దని దానికి గట్టిగా చెప్పండి.

సీతాకోకచిలుకల కోసం కరివేపాకు పెట్టాలి. అయితే ఒకరోజు ఆకు మీద పిట్టరెట్ట లాంటిది కనిపిస్తుంది. తుడవబోతే కదులుతుంది. కొన్నాళ్లకి పచ్చగా బలుస్తుంది, వేలు తగిలిస్తే తల వెనకనుంచి రెండుపాయల ఎర్రకొమ్ము బయటికి తీసి ఘాటుగా కంపు కొడుతుంది. ఇలాంటి పురుగుని చూస్తూ ఊరుకోకండి, మందు కొట్టండి. నేను వారంవారం కొట్టాను. అయినా ఒక్క సీతాకోకచిలుకా రాలేదు. మొక్క అమ్మినవాడు మోసగాడు.

పిట్టలకని పొద మొదట్లో నూకలు చల్లండి. నూకలకి ఎలుకలొస్తాయి, ఎలుకలకి పాములొస్తాయి. వన్యప్రాణులు కావాలని అడిగింది మీరే. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు ఎక్కువైతే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పశాంతి యాగం చేయించారు. ఆ దారి ఎలాగూ ఉంది.

రాత్రిపూట కూడా కళగా ఉండాలంటే దడి పొడుగునా సీరియల్ లైట్లు కట్టండి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన ఇసుకలోనే గుడ్లు పెడతాయి. అటవీశాఖవాళ్లు వాటిని ఏరి పొదిగించి పిల్లల్ని సముద్రంలో వదులుతారు. వాళ్ల కంటపడని గుంటలోంచి లేచిన పిల్ల, వెలుతురు ఎటుంటే అటు పాకుతుంది. సముద్రానికి పోవలసింది మీ గడపలోకి వస్తే అంతకన్నా అదృష్టముందా?

ఒక్క హెచ్చరిక. మా దొడ్డి చివర మురుగుకోడు పక్కన, పోటునీళ్లు తగిలేచోట, నేను నాటని మడపొద ఒకటి లేచింది. చిక్కుడుగింజ కన్నా కాస్త పెద్ద కాయలు నీళ్లలో కొట్టుకొచ్చి బురదకి అంటుకున్నాయి. ఇప్పుడు మనిషెత్తు. చుట్టూ పెన్సిళ్లు గుచ్చినట్టు వేళ్లు పైకి పొడుచుకొచ్చాయి. మొన్న పొద్దున ఆ బురదలో పిల్లివాటికన్నా పెద్ద అడుగులు, బావురుపిల్లివన్నారు. 1977 నవంబరు 19 ఉప్పెనలో మడ దట్టంగా ఉన్నచోట అల జోరు తగ్గిందని పెద్దవాళ్లు చెబుతారు. తగ్గితే తగ్గింది, అది అల సంగతి. ఈ పొద అడ్డొచ్చి జనరేటరు షెడ్డు కూడా సగం కనపడ్డం లేదు. అయినా ఇలాంటిదానికి ఆశపడకండి. వచ్చిన చుట్టాలు నా కోనోకార్పస్‌కి వీపు పెట్టి ఈ మడపొద ఫొటోలు తీసుకుంటున్నారు. కొట్టించేద్దామని మనిషిని పిలిచాను. మడ జోలికొస్తే కేసవుతుందండీ, తుమ్మకైతే రేపే వస్తానన్నాడు.