గొంతు ఎక్కడ ఆగిందో చూడరా

మా రోజుల్లో రేడియో మూగబోతే స్పీకరు దగ్గర మొదలుపెట్టి వెనక్కి నడిచేవాళ్లం. స్పీకరు తీగలకి ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ ఇలా తాకించి అలా తీస్తే ‘టక్కు’మనాలి. అంటే స్పీకరు బతికుంది. వాల్యూం కంట్రోలు మధ్య కాలికి స్క్రూడ్రైవరు కొన ఆనిస్తే ‘బుర్రు’మనాలి. అంటే అవుట్‌పుట్ వాల్వు, ట్రాన్స్‌ఫార్మరు క్షేమం, జబ్బు ఇంకా వెనక ఉంది. అలా వెతుక్కుంటూ పోయి, కాలిన రెసిస్టరు ఒక్కటీ మార్చి పంపేవాళ్లం. దారి తెలియకపోతే వెనక అట్ట లోపల సర్క్యూట్ కాగితం అంటించి ఉండేది. ఇప్పుడా కాగితాన్ని కంపెనీలు కొంపలో బంగారంలా దాచుకుంటున్నాయి.

మా మనవడు ల్యాప్‌టాప్ నుంచి యాంప్లిఫయరుకి వైరు గుచ్చాడు. చిటుక్కుమని మెరిసింది. ల్యాప్‌టాప్‌కి మాట పడిపోయింది, మిగతావన్నీ బానే ఉన్నాయి. సర్వీసు సెంటరు కుర్రాడు మూతైనా విప్పకుండా “బోర్డు మార్చాలంకుల్” అన్నాడు. ఆ రేటుకి ఇంకొంచెం వేసుకుంటే కొత్తదే వస్తుందని కూడా వాడే చెప్పాడు, సిగ్గులేకుండా.

బోర్డంతా ఎందుకురా? ఇందులోనూ శబ్దం ఒక దారినే నడుస్తుంది. అంకెల్ని శబ్దంగా మార్చేందుకు కోడెక్ అని చిన్న చిప్పు ఉంటుంది. దాన్నుంచి ఒక దారి స్పీకర్లకి, ఇంకోటి హెడ్‌ఫోన్ జాకుకి. ఇయర్‌ఫోన్‌లో పలికితే చిప్పు ప్రాణంతో ఉన్నట్టే, స్పీకర్ల వైపు వెతుక్కో. రెండింట్లోనూ పలక్కపోతే డివైస్ మేనేజర్ తెరిచి సౌండు పేరుందా చూడు. పేరుండీ స్పీకర్లు మాత్రమే పలక్కపోతే జాకులోని చిన్న స్విచ్చు ఇరుక్కుని, ఇయర్‌ఫోన్ ఇంకా గుచ్చే ఉందని మిషన్ భ్రమపడుతుండొచ్చు. ఆ జాకుని అనుమానించే నాథుడే లేడు. సాఫ్ట్‌వేర్ మీద అనుమానమా, పెన్‌డ్రైవ్‌లో లినక్స్ వేసి బూట్ చెయ్యి. అక్కడా మూగే అయితే విండోస్ మళ్లీ మళ్లీ ఎక్కించి లాభం లేదు.

మావాడి దాంట్లో పేరే లేదు, లినక్స్‌లో కూడా. చిప్పే పోయింది. యూఎస్‌బీ సౌండ్ కార్డు ఒకటి తెచ్చి గుచ్చమన్నాను. దాని చిప్పు దానికే ఉంటుంది కాబట్టి వెంటనే పాట అందుకుంది. బోర్డు ఖరీదు ముందు అదెంత!

ఇంతకీ ఎందుకు కాలిందని మాత్రం ఎవడూ అడగలేదు. అడాప్టరుది మూడు పిన్నుల ప్లగ్గు. సాకెట్లో పట్టట్లేదని వీడు రెండు పిన్నుల కన్వర్టరు తగిలించాడు. అడాప్టరులో మెయిన్స్ వైపు నుంచి అవుట్‌పుట్ వైపుకి చిన్న కెపాసిటరు ఉంటుంది. ఎర్త్ లేకపోతే దాని గుండా కరెంటు కారి, 230 వోల్టుల్లో దాదాపు సగం ల్యాప్‌టాప్ ఒంటిమీదికి చేరుతుంది. లోహపు మూత తాకితే చేతికి జివ్వుమనేది అదే. మనిషిని ఏం చెయ్యదు, అంత తక్కువ కరెంటు. కానీ ఎర్త్ తగిలిన యాంప్లిఫయరుకి వైరు గుచ్చేటప్పుడు పిన్ను కొన ముందు తగులుతుంది, గ్రౌండు తర్వాత కలుస్తుంది. ఆ రెప్పపాటులో తేడా అంతా సిగ్నల్ తీగ మీదుగా చిప్పు మీద పడుతుంది. ఐదు వోల్టులు దాటని ప్రాణం అది.

మూడో పిన్ను పొడుగ్గా ఎందుకుంటుందిరా అంటే ఇంజినీరింగు చదివినవాడు తెల్లమొహం వేశాడు. ఎర్త్ ముందు కలవాలి, కరెంటు తర్వాత రావాలి, అందుకు. మేం ఇల్లు కడితే పెరట్లో గొయ్యి తీసి, బొగ్గూ ఉప్పూ వరసలుగా వేసి, ఎండాకాలం బిందెడు నీళ్లు పోసేవాళ్లం. ఇప్పటి అపార్టుమెంట్లలో ఆ మూడో కన్నం వెనక అసలు వైరుందా అని చూసేదెవరు? గచ్చుకి మాత్రం ఇటాలియన్ మార్బుల్.

మా రేడియోలన్నీ సాధువులని అనను. ఏసీ-డీసీ సెట్లలో ఛాసిస్సే మెయిన్స్‌కి కలిసి ఉండేది. నాబు ఊడిన చోట వేలు పెడితే విసిరికొట్టేది. అది తెలుసు కాబట్టే టెస్టరు పెట్టి చూడందే చెయ్యి వేసేవాళ్లం కాదు.

చిప్పు ఒక్కటే మార్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సికింద్రాబాద్ పార్క్‌లేన్ వైపు వెళ్తే ‘చిప్ లెవెల్ సర్వీస్’ దుకాణాల్లో హాట్ ఎయిర్ గన్నుతో పాతది ఊడదీసి కొత్తది అతికించే పిల్లలున్నారు. అయితే ముందు ఆ కన్వర్టరు పారేసి, ఎలక్ట్రీషియన్ని పిలిచి ఎర్త్ చూపించమన్నాను. “రేటింగ్ బాగున్నవాడు దొరకట్లేదు తాతయ్యా” అంటున్నాడు, ఫోను చూస్తూ.